స్కార్లాటి కె. 9 సొనాటా: యాప్ చూపే వేగం, శ్రుతి, భావం ఎంతవరకు నమ్మవచ్చు?

18వ శతాబ్దపు ఇటాలియన్ స్వరకర్త డొమెనికో స్కార్లాటి రాసిన ఒకే సొనాటా (ఒంటరి వాద్యానికి రాసిన చిన్న రచన), మూడు రికార్డింగులు. మీ యాప్ ఒకదాన్ని డి మైనర్ అంది, హార్ప్సికార్డ్ (తీగలను మీటి పలికించే, పియానోకు ముందుకాలపు వాద్యం) మీద వాయించినదాన్ని సి షార్ప్ మైనర్ అంది, మూడోదాన్ని ఇ మైనర్ అంది. వేగం ఒకచోట నిమిషానికి 50 దెబ్బలు, ఇంకోచోట 150. భావం మాత్రం మూడింటికీ ‘విషాదం’. ఏది నమ్మాలని మీరు అడిగారు. కొంతకాలంగా ఈ సొనాటానే సాధన చేస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

శ్రుతి విషయంలో యాప్‌ను తప్పుపట్టలేం. స్కార్లాటి రాసింది డి మైనర్‌లోనే. ఇప్పటి పియానోలో మధ్య ‘ఎ’ స్వరం 440 హెర్ట్జ్. స్కార్లాటి కాలం నాటి బరోక్ సంగీతం వాయించే హార్ప్సికార్డులను చాలావరకు 415కు శ్రుతి చేస్తారు, అంటే దాదాపు అర స్వరం కిందికి. ఒకటిన్నర శ్రుతిలో పాడే కీర్తనను ఒకటికి దించి పాడితే రాగం మారనట్టే, అక్కడ సొనాటా ఏమీ మారలేదు. ఇ మైనర్ కథ వేరు. పియానో విద్వాంసుడు లిస్ట్ శిష్యుడు కార్ల్ టౌసిగ్ 19వ శతాబ్దంలో దీన్ని ఇ మైనర్‌కు మార్చి, పియానోకు తగినట్టు నిండుగా తిరగరాసి ‘పాస్టొరాల్’ (పశువుల కాపరుల పాట) అని పేరు పెట్టాడు. మీ మూడో రికార్డింగు పేరులో టౌసిగ్ ఉందేమో చూడండి. పాత ఆల్బముల్లో ఇదే సొనాటా ఎల్. 413గా కనిపిస్తుంది. అది స్కార్లాటి సొనాటాలకు లాంగో ఇచ్చిన సంఖ్య, ‘కె.’ అన్నది కిర్క్‌ప్యాట్రిక్ ఇచ్చినది, కంగారుపడకండి.

ఇక వేగం. ఇది 6/8లో నడుస్తుంది, మన తిశ్ర గతిలాగే. బారుకు (ఒక ఆవర్తానికి) రెండు పెద్ద దెబ్బలు, ఒక్కో దెబ్బలో మూడు చిన్న స్వరాలు. యాప్ పెద్ద దెబ్బలు లెక్కపెడితే 50, చిన్నవి లెక్కపెడితే 150. రెండూ ఒకే వేగం. అందుకే నేను యాప్‌ను పక్కన పెట్టి, పాట పెట్టుకుని బల్ల మీద వేలితో కొట్టి లెక్కిస్తాను. ట్రాక్ నిడివిని చూసి వేగం అంచనా వేయడమూ కుదరదు. సొనాటాలో రెండు భాగాలకూ పునరావృత్తి గుర్తులు ఉంటాయి, కొందరు వాటిని పాటిస్తారు, కొందరు వదిలేస్తారు.

అసలు చిక్కు ఇక్కడుంది: స్కార్లాటి పైన రాసిన మాట ‘అల్లెగ్రో’, అంటే చురుగ్గా, వేగంగా. కానీ పియానో మీద చాలామంది దీన్ని తీరిగ్గా, నిద్రపుచ్చేలా వాయిస్తారు. ఆ ‘పాస్టొరాల్’ అనే పేరే వేళ్లను నెమ్మదింపజేసిందని నా అనుమానం. హార్ప్సికార్డులో తీగను మీటిన వెంటనే ధ్వని తగ్గిపోతుంది, మరీ నెమ్మదిగా వాయిస్తే స్వరాల మధ్య ఖాళీలు పడతాయి. పియానోకు ఆ ఇబ్బంది తక్కువ కాబట్టి సాగదీయాలనిపిస్తుంది. నేను మాత్రం మధ్యలో వచ్చే ఆ స్వరాల పరుగును బట్టి వేగం నిర్ణయించుకుంటాను. ముందు ఆ పరుగును ప్రతి స్వరమూ విడిగా వినిపించేలా వాయిస్తాను. అదే వేగంతో మొదటి బారుకు వస్తాను. అప్పుడు మొదట్లోని ట్రిల్ (రెండు పక్క స్వరాలను వెంటవెంటనే మార్చి వాయించే గమకం) ఇరుకుగా అనిపిస్తే, కాస్త తగ్గిస్తాను.

‘విషాదం’ అన్న మాటను మాత్రం పట్టించుకోకండి. మైనర్ (దిగులుగా వినిపిస్తుందని పేరున్న స్వరశ్రేణి) అని కనిపిస్తే చాలు, యాపులు ఆ ముద్ర వేసేస్తాయి. ఈ సొనాటా మొదటి సగం, ఉల్లాసంగా వినిపించే ఎఫ్ మేజర్‌లో ముగుస్తుంది. ఆ చోట విషాదం ఎక్కడుందో నాకు వినపడదు. పైగా ఇది 1738 నాటి ‘ఎస్సెర్చిజి’ అనే 30 సొనాటాల సంపుటిలోది. దాని ముందుమాటలో స్కార్లాటి, గాఢమైన పాండిత్యం ఆశించవద్దు, ఇది కళతో చమత్కారంగా ఆడిన ఆట అని చెప్పి, చివర్లో సుఖంగా జీవించండని దీవించాడు. ఏడిపించడానికి రాసినవాడి మాటలు కావవి.

నేర్చుకోవడానికైతే హార్ప్సికార్డ్ రికార్డింగునే ముందు వినండి. 1980లలో హార్ప్సికార్డ్ విద్వాంసుడు స్కాట్ రాస్ స్కార్లాటి సొనాటాలు 555 కూడా రికార్డు చేశాడు, చాలావరకు ఆ వాద్యం మీదే, వాటిలో ఇదీ ఉంది. రికార్డింగు అర స్వరం కింద ఉంటే, దానితో కలిసి వాయించడానికి డిజిటల్ పియానోలో ట్రాన్స్‌పోజ్‌ను (శ్రుతి మార్చే మీటను) ఒక మెట్టు దించండి, డి మైనర్ వేళ్లే సరిపోతాయి. టౌసిగ్ రూపాన్ని మాత్రం ఇప్పుడే ముట్టుకోకండి, అది వేరే కచేరీ.