చే గువేరా ఫోటో తప్ప కోర్డా ఇంకేమైనా తీశాడా?

చాలానే తీశాడండీ. మన ఆటోల వెనకాల కూడా కనిపించే ఆ చే బొమ్మ అల్బెర్టో కోర్డా (1928-2001) ఫోటో నుంచి వచ్చిందే, కానీ ఆయన అసలు క్యూబా రాజధాని హవానాలో ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్, స్టూడియో, మోడల్స్, అదీ లైఫు. 1959లో ఓ పల్లెలో చెక్క ముక్కనే బొమ్మ అనుకుని ఎత్తుకున్న చిన్నపిల్లని ఫోటో తీశాక తన మనసు విప్లవం వైపు తిరిగిందని ఆయనే చెప్పేవాడు, నన్నడిగితే చే ఫోటో కన్నా అదే గొప్పది. తర్వాత ఏళ్ల తరబడి ఆ విప్లవ నాయకుడు ఫిడెల్ క్యాస్ట్రో వెంట ఫోటోలు తీస్తూ తిరిగాడు.

చే ఫోటో సంగతంటారా, 1960 మార్చి 5న, లా కూబ్ర్ ఓడ పేలుడులో చనిపోయినవాళ్ల సంతాప సభలో రెండే ఫ్రేములు దొరికాయి, పేపర్‌వాళ్లు వేసుకోలేదు, ఈయన ప్రింటు తీసి గోడకి తగిలించుకున్నాడు, 1967లో ఇటలీ పబ్లిషర్ ఫెల్ట్రినెల్లి అడిగితే ఫ్రీగా ఇచ్చేశాడు, చే చనిపోయాక అది పోస్టరై ప్రపంచమంతా పాకిపోయింది, ఈయనకి మాత్రం రాయల్టీ సున్నా. 2000లో స్మిర్నాఫ్ వోడ్కా యాడ్‌లో వాడితే కేసు వేసి, వచ్చిన 50,000 డాలర్లు క్యూబా వైద్యానికి ఇచ్చేశాడు.

1968 తర్వాత ఓ పదేళ్లు సముద్రం అడుగున ఫోటోలు తీశాడు, ఇది చాలామందికి తెలీదు.