పొద్దున పెట్టిన నీళ్లు మధ్యాహ్నానికే ఆరిపోతున్నాయా? ముందు తవ్వి చూడండి

మీ ప్రశ్న ఇదీ: కొత్తగా కట్టిన ఇంటి పెరట్లో ఎర్రమట్టి, పొద్దున్నే పాదుల నిండా నీళ్లు పెట్టినా మూడింటికల్లా వంగ, బీర తలలు వాల్చేస్తున్నాయి, కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి) తెచ్చి కలపమంటారా అని. దయచేసి ఇప్పుడే కొనకండి. నీళ్లు నేలలో నిలవకపోవడం వేరు, అసలు నేలలోకి దిగకపోవడం వేరు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, మందు మాత్రం వేరు. మా పెరడు రంగారెడ్డి జిల్లా ఎర్ర చల్కలో, అంటే ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రనేలలో ఉంది. ఈ రెండు రోగాలూ ఆ ఒక్క పెరట్లోనే, పది అడుగుల దూరంలో చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

రేపు మామూలుగా నీళ్లు పెట్టండి. గంట తర్వాత పాదు పక్కన పలుగుతో జానెడు లోతు తవ్వండి. మా ఇంటి గోడ వారగా తవ్వితే పైన రెండంగుళాలు ముద్దలా తడిసి ఉంది, దాని కింద మట్టి పొడిపొడిగా, వేలితో గీకితే దుమ్ము రేగేలా ఉంది. ఇంకాస్త కిందికి పోతే పలుగు ఖంగుమంది. ఇల్లు కట్టేటప్పుడు జేసీబీ తిరిగి అణిగిపోయిన మొరం, మధ్యమధ్యలో సిమెంటు పెచ్చులు. అలాంటి చోట మట్టికి నీళ్లు పట్టి ఉంచే గుణం ఉన్నా లేకున్నా ఒకటే, ఎందుకంటే నీళ్లు అక్కడిదాకా చేరనే లేదు. పాదు అంచు దాటి పక్కకి పోయాయి, మిగిలింది ఎండకి ఆవిరైంది. కొత్త ఇళ్ల పెరళ్లలో నాకు ఎక్కువగా కనిపించేది ఇదే.

తవ్విన జానెడు లోతుదాకా తడి బాగానే ఉంటే రెండో పరీక్ష చేయండి. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంట తవ్వి నిండా నీళ్లు పోసి పూర్తిగా ఇంకిపోనివ్వండి. మళ్లీ నింపి, గుంట మీద అడ్డంగా కర్ర పెట్టి, కర్ర నుంచి నీటి మట్టం దాకా స్కేలుతో కొలవండి. గంట తర్వాత మళ్లీ కొలవండి. మొదటిసారి లెక్క వేయకూడదు, పొడి మట్టి ఆబగా తాగేస్తుంది. గంటకి రెండు నుంచి ఐదు సెంటీమీటర్లు దిగితే కూరగాయలకి హాయి. పది దాటితే నీళ్లు వేళ్లకి అందకుండా కిందికి జారిపోతున్నట్టు. రెండు కూడా దిగకపోతే అడుగున గట్టిపొర ఉందనో, బంకమన్ను ఎక్కువనో అర్థం.

మూడోది నాకు చాలా ఇష్టమైన పరీక్ష, పెరుగు డబ్బాలు చాలు. రెండు ఒకే సైజు డబ్బాల అడుగున చిల్లులు పెట్టి గుడ్డముక్క పరచండి. ఒకదాంట్లో మీ మట్టి, ఇంకోదాంట్లో మొక్కలు బాగా ఎదుగుతున్న తెలిసినవాళ్ల తోట మట్టి. రెండూ ఎండబెట్టి, నలిపి, సమానంగా పోయండి. కొలిచిన నీళ్లు రెండిటిలోనూ నిదానంగా పోసి కింద గిన్నె పెట్టండి. కారిన నీళ్లనే మళ్లీ పైన పోయండి, ఎందుకంటే బాగా ఎండిన మట్టిలో నీళ్లు తొలిసారి డబ్బా అంచుల వెంబడి జారిపోతాయి. గిన్నెలోకి వచ్చేది ఇక మారడం లేదనిపించాక కొలవండి. పోసినదాంట్లోంచి అది తీసేస్తే మట్టి పట్టుకున్నది తెలుస్తుంది. ఎరువు కలిపాక ఇదే పరీక్ష మళ్లీ చేస్తే తేడా కంటికి కనిపిస్తుంది.

నీరు పట్టి ఉంచడంలో నేలకీ నేలకీ ఉన్న తేడా చిన్నదేం కాదు. మీటరు లోతు నేలలో మొక్క వాడుకోగల నీరు ఇసుక పాలు ఎక్కువున్న నేలలో సుమారు 60 మిల్లీమీటర్లు, ఇసుక, ఒండ్రు, బంక కలిసిన గరప నేలలో 140, బంక ఎక్కువున్న బరువు నేలల్లో 200 దాకా ఉంటుంది. నల్లరేగడి రైతు వాన వెనకబడినా కొన్నాళ్లు నిబ్బరంగా ఉండటానికి, చల్క రైతు వారానికే ఆకాశం వైపు చూడటానికి కారణం ఇదే.

ఇక బాగుచేయడం. గట్టిపొర తగిలితే ఎరువు కన్నా ముందు పలుగు. మట్టి కొంచెం పదును మీద ఉన్నప్పుడు కనీసం అడుగున్నర లోతు పెళ్లగించి, మొరం, సిమెంటు ఏరి పారేయండి. దీనికి దగ్గరి దారి లేదు.

నీళ్లు జారిపోతున్న నేలకి మాగిన పశువుల ఎరువో కంపోస్టో రెండంగుళాల మందాన పరిచి జానెడు లోతుదాకా కలపండి. చదరపు మీటరుకి యాభై లీటర్లు, అంటే రెండు మూడు తట్టలు పడుతుంది. ఐదు కిలోల కోకోపీట్ ఇటుక నానితే డెబ్భై లీటర్ల దాకా వస్తుంది, ఒక మడికే సరిపోతుంది. అందుకే కుండీలకి భేష్, నేలకి ఖర్చు దండగ అంటాను. వాడితే మాత్రం నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోసి వాడండి, దాంట్లో ఉప్పు ఉంటుంది. పచ్చి పేడ వద్దు, వేరుపురుగు వస్తుంది.

మన చల్కలకి అన్నిటికన్నా పనికొచ్చేది చెరువు మట్టి. 2015లో తెలంగాణలో చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ పథకం మొదలైనప్పుడు పూడిక తీసిన మట్టిని రైతులు ట్రాక్టర్లతో పొలాలకి తోలుకున్నది ఇందుకే. దాంట్లోని సన్నటి బంక, ఒండ్రు ఎర్రమట్టిలోని సందుల్లో కూర్చుని తడిని పట్టి ఉంచుతాయి. ఎరువు మన ఎండలకి కరిగిపోయి ఏటా మళ్లీ వేయాల్సి వస్తుంది, చెరువు మట్టి ఏళ్ల తరబడి ఉంటుంది. ఎండబెట్టి పొడి చేసి అంగుళం మందాన కలపండి. గడ్డలు గడ్డలుగా వేస్తే అలాగే ఉండిపోతాయి. ఊరి చెరువుదే తెచ్చుకోండి. మురుగు, ఫ్యాక్టరీ నీళ్లు కలిసే నగరపు చెరువుల మట్టి కూరగాయలకి వాడొద్దు. మీ మట్టి బంకగా ఉందని తేలితే చెరువు మట్టి జోలికే పోకండి, ఎరువు ఒక్కటే వేయండి. బంకమట్టిలో కాస్త ఇసుక కలిపితే గుల్లబారుతుందని చాలామంది చెబుతారు, అది ఎండాక ఇటుకలా బిగుసుకుంటుంది.

ఇవేవీ చేయలేకపోయినా నేలని మాత్రం బోడిగా వదలకండి. ఎర్రనేల మీద వానచినుకు నేరుగా పడితే సన్నటి మట్టి లేచి రంధ్రాలు మూసుకుపోతాయి, ఎండగానే పైన పెచ్చు కడుతుంది, తర్వాతి వాన నీళ్లు దాని మీదుగా పారిపోతాయి. ఎండుటాకులు, వరిగడ్డి, వేరుశనగ పొట్టు, ఏది దొరికితే అది మూడంగుళాలు పరచండి, మొదలుకి తగలకుండా నాలుగు వేళ్ల ఎడం ఉంచండి. చెదలు కనిపిస్తే ఆకు పక్కకి లాగి వేపపిండి కలపండి.

ఒక మాట మరిచిపోకండి. బీర, గుమ్మడి లాంటి పెద్దాకు తీగలు మట్టిలో తడి ఉన్నా మిట్టమధ్యాహ్నం వాలిపోయి, చల్లబడ్డాక లేస్తాయి. కాబట్టి వేలు దూర్చి తడి చూడకుండా నీళ్లు పెట్టొద్దు. వంగ మాత్రం తడి ఉన్నా రోజూ వాడుతుంటే ఒక మొక్క పీకి వేళ్లు చూడండి. వేళ్ల మీద బుడిపెలు ఉంటే అది వేళ్లలో చేరే నులిపురుగు (నెమటోడ్), మట్టికి ఎంత నీరు పట్టించినా లాభం లేదు.

కూరగాయలు అయిపోయిన మడుల్లో తొలకరికి జనుమో జీలుగో దట్టంగా చల్లి, పూతకి వచ్చే సమయానికి కోసి మట్టిలో కలిపేయండి, సుమారు నెలన్నర పడుతుంది. ఎరువు కొనే ఖర్చు తగ్గుతుంది. గుంటలో గంటకి ఎంత దిగిందో, ఎంత లోతులో పలుగు ఆగిందో కింద రాయండి, దాన్నిబట్టి మీ మడులకి ఎన్ని తట్టలు కావాలో లెక్క వేసి చెబుతాను.