చనిపోయిన పెద్దాయన పేరున ఉన్న ఆస్టిన్ కారు కొనొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది నెల్లూరు జిల్లా. ఉద్యోగరీత్యా చెన్నై అంబత్తూరులో ఉంటున్నాను. పాత కార్లంటే నాకు పిచ్చి. కీల్పాక్‌లో ఒక ఇంటి వెనక షెడ్డులో 1950 నాటి ఆస్టిన్ ఏ40 ఉంది. చాలా ఏళ్లుగా కదల్లేదు. ఒరిజినల్ ఇంజన్ తీసేసి ఎప్పుడో అంబాసిడర్ ఇంజన్ ఎక్కించారు. ఆర్సీ జిరాక్స్ కాపీ మాత్రమే ఉంది, అదీ కాలం చేసిన పెద్దాయన పేరున. ఆయన భార్య కూడా లేరు. కొడుకు నాలుగు లక్షలకు ఇస్తానంటున్నాడు. అతని ఇద్దరు చెల్లెళ్లలో ఒకామె హైదరాబాద్‌లో, ఒకామె అమెరికాలో ఉన్నారు. బ్రోకరేమో ‘స్టాంపు పేపరు మీద రాయించుకోండి, బండిని మీ పేరుకు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టిస్తాను. కుదరకపోతే నా దగ్గర వేరే ఏ40 ఆర్సీ ఉంది, ప్లేట్లు మార్చుకుంటే సరి’ అంటున్నాడు. కొనొచ్చా? బాగు చేయించాక వింటేజ్ రిజిస్ట్రేషన్ వస్తుందా?

జవాబు: కారు కొనొచ్చు. బ్రోకరు చెప్పిన రెండు పద్ధతుల్లోనూ మాత్రం వద్దు.

ముందు ఆ రెండోదాని సంగతి తేల్చేద్దాం. ఒక కారు ఆర్సీని ఇంకో కారుకు తగిలించి, ఛాసిస్ ప్లేటు మార్చడం మోసం, ఫోర్జరీ కిందికి వస్తుంది. భారతీయ న్యాయ సంహితలో 318, 336, 340 సెక్షన్లు ఇలాంటి పనులకే ఉన్నాయి. ఆ ఆర్సీ తాలూకు అసలు బండి దొంగతనం కేసులో ఉంటే తలనొప్పి రెట్టింపవుతుంది. ఈ మాట అన్నాడంటేనే ఆ బ్రోకరును దూరం పెట్టడం మంచిది.

ఇక అసలు విషయం, కారు ఎవరిది? పెద్దాయన వీలునామా రాశారేమో ముందు అడగండి. రాయకపోతే, వాళ్లు హిందువులైతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుక్కీ కూతుళ్లకీ సమాన వాటా. అంటే ఇప్పుడు ఆ కారుకు ముగ్గురు యజమానులు. కొడుకు తన వాటా అమ్మగలడు గానీ చెల్లెళ్ల వాటా అమ్మలేడు. తనకు లేని హక్కును ఎవరూ ఇంకొకరికి ఇవ్వలేరన్నది 1930 నాటి వస్తువుల అమ్మకం చట్టం, 27వ సెక్షన్. దీనికి 28వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. ఉమ్మడి యజమానుల్లో ఒకరి దగ్గరే, మిగతావాళ్ల అనుమతితో వస్తువు ఉన్నప్పుడు, సంగతి తెలియక నిజాయితీగా కొన్నవాడికి హక్కు వస్తుంది. ఆ రక్షణ మీకు దొరకదు. చెల్లెళ్లు ఉన్నారని మీకు తెలుసు, ఆ మాట మీ ఉత్తరంలోనే రాశారు! రేపు కారు మెరుగులు దిద్దుకుని ర్యాలీలో కనబడి, ఫొటో చూసిన చెల్లెలు ‘మా నాన్న కారు’ అంటే మీరు చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

ఫారం 29 మీద కొడుకు సంతకం కూడా ఈరోజుకి పనికిరాదు. ఆ ఫారం మీద సంతకం చేయాల్సింది రిజిస్టర్డ్ యజమాని, కొడుకు ఇంకా యజమాని కాలేదు. కాబట్టి వరస ఇలా ఉండాలి. పెద్దాయన మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే వారసత్వ ధ్రువపత్రం తెప్పించమనండి. చెల్లెళ్లిద్దరూ అభ్యంతరం లేదని అఫిడవిట్ ఇవ్వాలి. అమెరికాలో ఉన్నామె భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపొచ్చు. తర్వాత ఫారం 31తో కారు కొడుకు పేరుకు మారాలి. ఈ దరఖాస్తు మరణించిన మూడు నెలల్లోపే పెట్టుకోవాల్సింది, కాబట్టి ఆలస్య రుసుం పడుతుంది. అది అమ్మేవాళ్లే కట్టుకోవాలని ఒప్పందంలో రాయించండి. ఆ తర్వాతే 29, 30 మీ పేరున.

‘ఇంత తిప్పలా?’ అని కొడుకు విసుక్కుంటే ఒక సంగతి చెప్పండి. రికార్డుల్లో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని, బండి చేతులు మారినా ప్రమాద పరిహారం బాధ్యత వాళ్లమీదే ఉంటుందని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో చెప్పింది. తన పేరుకు మార్చుకుని, వెంటనే మీ పేరుకు బదిలీ చేసేస్తే అతనికీ నిశ్చింతే.

డబ్బు ఇచ్చే ముందు ఒక పూట షెడ్డులో గడపండి. బానెట్ ఎత్తి ఛాసిస్ నంబరు ప్లేటు శుభ్రం చేసి, కాగితం పెట్టి పెన్సిల్ ప్రింట్ తీయండి. రివెట్లు చూడండి. ప్లేటు తుప్పు పట్టి రివెట్లు మాత్రం తళతళలాడుతుంటే అక్కడే ఆగండి. తీసిన నంబరును ఆర్టీఓ ఆఫీసులో బి రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్ (వాళ్ల దగ్గరుండే రిజిస్ట్రేషన్ రికార్డు నకలు) తీయించి సరిచూడాలి. జిరాక్స్‌ను నమ్మి అడ్వాన్సు ఇవ్వొద్దు. రికార్డు దొరికితే ఆర్సీ పోయిందని పోలీసు ఫిర్యాదు ఇచ్చి, ఫారం 26తో డూప్లికేట్ అడగొచ్చు. దొరక్కపోతే నా సలహా, ఈ బండి వదిలేయండి. విడిభాగాల కోసం కొనాలంటే కొనండి, అదీ ఆ ధరకు కాదు.

ఇంజన్ సంగతి మీరు అనుకున్నదానికంటే పెద్దది. ఏ40 ఇంజన్ 1,200 సీసీ, అంబాసిడర్ పెట్రోలు ఇంజన్ 1,489 సీసీ. ఆర్సీలోని ఇంజన్ నంబరు, బండిలో ఉన్నది కలవవు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులను కట్టడి చేస్తుంది, చేసిన మార్పును 14 రోజుల్లో ఆర్టీఓకు తెలపాలంటుంది. ఆ పని వాళ్లు చేసి ఉండరు.

వింటేజ్‌కూ ఇదే అడ్డం. 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 81ఏ నుంచి కొత్త నిబంధనలు చేర్చారు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండి ఒరిజినల్ రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. తుప్పు తీయడం, పెయింటు, సీట్లు, వైరింగ్ బాగు చేయించడం గురించి నేనైతే టెన్షన్ పడను. అంబాసిడర్ ఇంజన్‌తో దరఖాస్తు పెట్టడం మాత్రం తిరస్కరణను పిలిచి తెచ్చుకోవడమే. ఏ40 ఇంజన్ వెతకండి. 1949 నుంచి అశోక్ మోటార్స్ ఎన్నూరులో ఈ కార్లనే బిగించింది, కాబట్టి వెతకడం మొదలుపెట్టడానికి చెన్నైకి మించిన ఊరు లేదు. దొరికిన ఇంజన్‌కూ బిల్లు తీసుకోండి. దాని నంబరు ఆర్సీలో నమోదు చేయించుకోవాలి. విప్పే ముందు నుంచీ ప్రతి దశలో ఫొటోలు తీసి పెట్టుకోండి.

పాత రిజిస్ట్రేషన్ ఉన్న బండి కనుక పాత నంబరే ఉంచుకోవచ్చు. వింటేజ్ కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుం 20,000 రూపాయలు, తర్వాతి రీ-రిజిస్ట్రేషన్‌కు 5,000. మీ బండికి ఏది వర్తిస్తుందో ఆర్టీఓను అడగండి. రిజిస్ట్రేషన్ పదేళ్లు చెల్లుతుంది. కానీ ఆ కారులో రోజూ ఆఫీసుకు వెళ్లడం కుదరదు. ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, పెట్రోలు, రిపేరు లాంటి పనులకే రోడ్డెక్కాలి. మామూలుగా తిరగాలనుకుంటే వింటేజ్ జోలికి పోకుండా ఫారం 25తో సాధారణ రెన్యువల్ చేయించుకోండి. దానికి పన్ను బకాయిలు తీరాలి, తనిఖీలో పాసవ్వాలి, అయిదేళ్లకోసారి మళ్లీ చేయించాలి.

అప్పటిదాకా షెడ్డు నుంచి గ్యారేజీకి ట్రక్కు మీదే తీసుకెళ్లండి. నాలుగు వీధులే కదా అని నడపొద్దు, చెల్లే రిజిస్ట్రేషన్ లేదు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్సూ లేదు. గ్యారేజీ వాళ్లతో పని వివరం, రేటు, గడువు కాగితం మీద పెట్టుకోండి. చేసిన పనికి డబ్బు చెల్లించేదాకా బండిని ఆపుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ మెకానిక్‌కు ఇస్తుంది. రేటు ముందే రాసుకోకపోతే ఆ బకాయి ఎంతో తేలేలోగా మీ కారు వాళ్ల దగ్గరే ఉంటుంది.