ఇంగ్లిష్ వాక్యం వరుస కుదరాలంటే తెలుగు వాక్యాన్ని తోక దగ్గర పట్టుకోండి

మీరు అడిగింది ఇదీ: డిగ్రీ అయిపోయింది, ఇంగ్లిష్ పేపరు చదివితే అర్థమవుతుంది, టెన్సులూ ప్రిపోజిషన్లూ చదువుకున్నారు. అయినా సొంతంగా కాస్త పెద్ద వాక్యం రాయబోతే పదాల వరుస అటూ ఇటూ అయిపోతోంది. దీనికి ప్రాక్టీసు ఎలా చేయాలి, గుంటూరులో ఏదైనా కోచింగులో చేరమంటారా అని.

నేను గుంటూరులోనే మిర్చి ఎగుమతి చేసే ఒక ఆఫీసులో పనిచేస్తాను. బయటి దేశాల పార్టీలకు, అంటే మా సరుకు కొనేవాళ్ళకు, మెయిల్స్ రాయడం, కొత్తగా చేరిన పిల్లలు రాసినవి పంపే ముందు చూసి దిద్దడం నా పని. టీచర్ని కాదు. కానీ మీరు చెప్పిన ఇబ్బంది రోజూ నా టేబుల్ మీదకి వస్తూనే ఉంటుంది కాబట్టి, మా దగ్గర పనికొచ్చిన పద్ధతి చెప్తాను.

మీ స్థాయిలో ఉన్నవాళ్ళకి సబ్జెక్టు, వెర్బు, ఆబ్జెక్టు అనే సూత్రం తెలియక కాదు. 'ఐ ఈట్ రైస్' దగ్గర ఎవరూ తప్పు చేయరు. వాక్యం పొడుగయ్యేసరికే చిక్కంతా. తెలుగులో మనం ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో, ఎందుకు అనేవన్నీ ముందు పేర్చుకుంటూ వచ్చి, చిట్టచివర క్రియ పెట్టి ముగిస్తాం. అదే క్రమంలో ఇంగ్లిష్ మొదలుపెడితే అసలు విషయం వచ్చేసరికి వాక్యం సగం దాటిపోయి ఉంటుంది. ఇక దాన్ని ఎలా ముగించాలో తోచదు.

ఒక ఉదాహరణ చూడండి. మా ఆఫీసులో ఒక కుర్రాడు చెప్పాల్సిన సంగతి ఇది (తేజ అంటే ఒక మిర్చి రకం): "నిన్న మనం కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన తేజ బస్తాల్లో తేమ ఎక్కువగా ఉందని పార్టీ ఫోన్ చేసి చెప్పాడు." చక్కటి తెలుగు వాక్యం. దాన్ని అతను ఇలా రాసుకొచ్చాడు: 'యెస్టర్‌డే ఫ్రమ్ కోల్డ్ స్టోరేజ్ వి టుక్ తేజ బ్యాగ్స్, ఇన్ దట్ మాయిశ్చర్ ఈజ్ హై, దట్ పార్టీ కాల్డ్ అండ్ టోల్డ్.' ఒక్క పదం కూడా తెలియక రాసింది కాదు. స్పెల్లింగు తప్పు లేదు, టెన్సు తప్పు లేదు. కానీ చదివేవాళ్ళకి ఎవరు ఎవరికి ఏం చెప్పారో తెలియాలంటే వాక్యం చివరిదాకా వెళ్ళాలి, వెళ్ళినా అనుమానమే.

అతనికి నేను చెప్పిందల్లా, నీ తెలుగు వాక్యాన్ని తోక నుంచి చదువు అని. చివరి పదం 'చెప్పాడు'. ఎవరు? పార్టీ. అంటే ఇంగ్లిష్ వాక్యం అక్కడే మొదలవ్వాలి: 'ద బయర్ కాల్డ్ టు సే'. ఏమని? దానికి 'దట్'. తర్వాత వెనక్కి వెళ్తే 'ఎక్కువగా ఉంది'. ఎందులో ఉంది? బస్తాల్లో. ఏ బస్తాల్లో? మనం తీసినవాటిలో. ఎక్కడి నుంచి తీశాం? కోల్డ్ స్టోరేజీ నుంచి. ఎప్పుడు? నిన్న. ఆ జవాబుల్ని వరుసగా పెట్టుకుంటూ వెళ్తే, 'ద బయర్ కాల్డ్ టు సే దట్ ద తేజ బ్యాగ్స్ వి టుక్ అవుట్ ఆఫ్ కోల్డ్ స్టోరేజ్ యెస్టర్‌డే హావ్ టూ మచ్ మాయిశ్చర్.' తెలుగులో మొట్టమొదట ఉన్న 'నిన్న' ఎక్కడికి పోయిందో, చివర ఉన్న 'చెప్పాడు' ఎక్కడికి వచ్చిందో గమనించారా? దాదాపు అద్దంలో చూసినట్టు తిరగబడింది.

ఈ పద్ధతి మనకి ఇంకో రకంగా కూడా కలిసొస్తుంది. తెలుగు క్రియ చివర సబ్జెక్టు గుర్తు కూడా ఉంటుంది. 'వస్తాను' అంటే నేను, 'పంపించాం' అంటే మేమో మనమో, 'చెప్పాడు' అంటే అతను. అందుకే మాటల్లో సబ్జెక్టు వదిలేస్తాం, ఎవరికీ లోటనిపించదు. ఇంగ్లిష్‌లో వదిలేస్తే వాక్యం నిలబడదు. తోక దగ్గర పట్టుకుంటే క్రియ, సబ్జెక్టు రెండూ ఒకేసారి చేతికొస్తాయి. ఆ రెండూ నోట్లోకి వచ్చేదాకా వాక్యం మొదలుపెట్టకండి. మాట్లాడేటప్పుడు ఒక క్షణం ఆగితే ఎవరూ ఏమనుకోరు. మధ్యలో ఆగి తడుముకునే టెన్షన్ కంటే మొదట్లో ఆగడమే నయం.

అలాగని ప్రతిదీ తిరగేయకండి. చిన్న చిన్న విశేషణాలు రెండు భాషల్లోనూ నామవాచకానికి ముందే ఉంటాయి. 'ఎండు మిర్చి' అన్నా 'డ్రై చిల్లీ' అన్నా వరుస ఒకటే. తిరగబడేది లోపల క్రియ దాగి ఉన్న విశేషణం: 'నిన్న వచ్చిన లారీ', 'మీరు అడిగిన శాంపిల్', 'రైతు తెచ్చిన సరుకు'. వీటిలో నామవాచకం ముందుకొచ్చి మిగతాదంతా దాని వెనక్కి వెళ్తుంది: 'ద లారీ దట్ కేమ్ యెస్టర్‌డే', 'ద శాంపిల్ యు ఆస్క్‌డ్ ఫర్'. మా పిల్లలు రాసిన మెయిల్స్‌లో ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. అందుకే ప్రాక్టీసు మొదలుపెడితే దీంతోనే మొదలుపెట్టమంటాను. మీ చుట్టూ ఉన్న వస్తువుల్నే తీసుకోండి. అమ్మ కొన్న చీర, అరండల్‌పేటలో తిన్న ఇడ్లీ, నాన్న రిపేరుకిచ్చిన ఫ్యాన్. వాటితో పూర్తి వాక్యాలు కట్టండి. 'ద ఫ్యాన్ మై ఫాదర్ గేవ్ ఫర్ రిపేర్ ఈజ్ స్టిల్ ఇన్ ద షాప్.' మొదట్లో నత్తనడకే. కొన్నాళ్ళకి 'ద ఫ్యాన్' అనగానే మిగతా ముక్క దానంతటదే వెనకాల వచ్చేస్తుంది.

రెండో చిక్కు ప్రశ్నల్లో. ఇంగ్లిష్ ప్రశ్నలో 'ఈజ్', 'విల్', 'డిడ్' లాంటివి సబ్జెక్టుకి ముందుకొస్తాయని అందరూ బాగా వల్లె వేస్తారు. వేసీ వేసీ, అక్కర్లేని చోట కూడా తిప్పేస్తారు. 'కెన్ యు టెల్ మి వేర్ ఈజ్ ద లారీ?' అని రాస్తారు. 'వేర్ ద లారీ ఈజ్' అనాలి. ప్రశ్న ఇంకో వాక్యం లోపలికి వెళ్ళాక మామూలు వాక్యంలా సర్దుకుంటుంది. దీన్ని గుర్తుపట్టడానికి తెలుగే దారి చూపిస్తుంది. 'లారీ ఎక్కడుంది?' అన్నప్పుడు తిప్పండి. 'లారీ ఎక్కడుందో' అని చివర 'ఓ' వచ్చిందంటే తిప్పకండి. ఎప్పుడొస్తుందో, రేటు ఎంత పలికిందో, ఎవరు చెప్పారో, అన్నిటికీ ఇదే. 'ఐ డోంట్ నో వెన్ ఇట్ విల్ కమ్.' 'వస్తాడో రాడో' అని రెండు 'ఓ'లు పడితే 'వెదర్' పెట్టుకోండి: 'ఐ డోంట్ నో వెదర్ హి విల్ కమ్.' గ్రామర్ పుస్తకాల్లో దీని మీద పేజీలకి పేజీలు ఉంటాయి. మా పిల్లలకి మాత్రం ఈ 'ఓ' గుర్తు చాలు.

ఇక మీరు చేస్తున్నామన్న ప్రాక్టీసు గురించి. పదాలు కలిపేసి ఇచ్చి, వరుసలో పెట్టమనే ఎక్సర్‌సైజులు. బ్యాంకు పరీక్షలకి చదివేవాళ్ళు అవి చేసి తీరాలి, పరీక్షలో అడుగుతారు కాబట్టి. కానీ మాట్లాడటానికీ రాయడానికీ వాటి వల్ల మీకొచ్చే లాభం తక్కువనే నా అభిప్రాయం. ఎందుకంటే ఆ ఎక్సర్‌సైజులో కావలసిన పదాలన్నీ వాళ్ళే ఇచ్చేస్తారు. 'ఇట్' ఇస్తారు, 'ఈజ్' ఇస్తారు, 'డిడ్' ఇస్తారు. మనకి సొంతంగా తట్టనివి సరిగ్గా అవే! 'ఆయన డాక్టర్' అనే తెలుగు వాక్యంలో 'ఈజ్'కి సమానమైనది ఏదీ లేదు. 'ఇక్కడి నుంచి బెజవాడ సుమారు 35 కిలోమీటర్లు' అన్నప్పుడు 'ఇట్'కి చోటే లేదు. 'నాకు ఇద్దరు అన్నలు' అన్నప్పుడు ఇంగ్లిష్ సబ్జెక్టు 'నాకు'లో దాక్కుని ఉంది, దాన్ని బయటికి లాగి 'ఐ హావ్' అనాలి. లేని పదాన్ని తెచ్చుకోవడం మన అసలు కష్టం. ఉన్న పదాల్ని పేర్చడం అంత కష్టం కాదు.

దాని బదులు ఇది చేయండి. ఇంగ్లిష్ పేపర్లో మీకు ఇష్టమైన వార్త ఏదైనా, క్రికెట్టో సినిమానో, అందులోంచి కాస్త పొడుగు వాక్యాలు నాలుగైదు తీసుకుని నోట్‌బుక్కులో ఒక పక్క మంచి తెలుగులో రాయండి. మంచి తెలుగు అంటే మీ ఇంట్లో చెప్పుకునే తెలుగు. ఇంగ్లిష్ వరుసలోనే తెలుగు పదాలు పెడితే ప్రయోజనం లేదు. రెండు మూడు రోజులు పక్కన పడేయండి. అసలు వాక్యం మరిచిపోయాక, మీ తెలుగు చూసి మళ్ళీ ఇంగ్లిష్‌లోకి తెచ్చి, పేపర్లో ఉన్నదానితో పోల్చండి. తేడా కనిపించిన చోట ఎర్ర పెన్నుతో గీత. వారం పది రోజులకే మీ తప్పులు ఒకే రెండు మూడు చోట్ల తిరుగుతున్నాయని మీకే తెలుస్తుంది. ఇది కొత్త పద్ధతేమీ కాదు, 16వ శతాబ్దంలో ఇంగ్లండులో పిల్లలకి లాటిన్ ఇలా నేర్పిన గురువులు ఉన్నారు. దీనికి దిద్దేవాళ్ళు అక్కర్లేదు, పేపరే దిద్దుతుంది. మా ఆఫీసులో పిల్లలకి నేను చేయించేదీ ఇదే, కాకపోతే పేపరు బదులు పాత మెయిల్స్.

రైలెక్కే అలవాటుంటే ఇంకో సరదా ప్రాక్టీసు ఉంది. విజయవాడ స్టేషన్లో అనౌన్స్‌మెంట్ తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడింట్లోనూ వస్తుంది. చెన్నై వెళ్ళే ఏదైనా ఎక్స్‌ప్రెస్ గురించి చెప్తున్నారనుకోండి. తెలుగులో బండి పేరు, ప్లాట్‌ఫాం నంబరు అన్నీ అయ్యాక చివర్లో గానీ వస్తోందో బయల్దేరుతోందో తేలదు. ఇంగ్లిష్‌లో బండి పేరు అవ్వగానే 'ఈజ్ అరైవింగ్ షార్ట్‌లీ' వచ్చేస్తుంది, ప్లాట్‌ఫాం ఆ తర్వాత. తెలుగు వినగానే ఇంగ్లిష్ వాక్యం మనసులో కట్టుకోండి, హిందీ అయ్యేలోపు మీకు బోలెడు టైము. తర్వాత ఇంగ్లిష్ వచ్చినప్పుడు సరిచూసుకోండి. హిందీలో కూడా క్రియ చివరే కాబట్టి అది విని దారి తప్పే ప్రమాదం లేదు. మా అమ్మాయితో కలిసి నేను ఇది చేస్తుంటాను, రైలు లేటైనా విసుగుండదు.

చిన్న విషయాలు కొన్ని గబగబా చెప్పేస్తాను. ముందు చోటు, తర్వాత టైము: 'వి లోడెడ్ ద బ్యాగ్స్ ఎట్ ద గోడౌన్ ఆన్ ఫ్రైడే.' టైముని నొక్కి చెప్పాలంటే వాక్యం మొదట్లో పెట్టి కామా కొట్టొచ్చు, అందులో తప్పు లేదు. క్రియకీ దాని ఆబ్జెక్టుకీ మధ్య ఇంకేదీ దూర్చకండి. 'వి రిసీవ్‌డ్ యెస్టర్‌డే యువర్ పేమెంట్' కాదు, 'వి రిసీవ్‌డ్ యువర్ పేమెంట్ యెస్టర్‌డే.' మన 'నిన్ననే వచ్చాను' ఇంగ్లిష్‌లో 'ఐ కేమ్ యెస్టర్‌డే ఓన్లీ' అయిపోతుంది. ఇక్కడ ఎవరూ పట్టించుకోరు గానీ, బయటివాళ్ళకి అది వింతగా వినిపిస్తుంది. 'ఐ కేమ్ ఓన్లీ యెస్టర్‌డే' అంటే సరిపోతుంది. విశేషణాల వరుస, సైజు ముందా రంగు ముందా అని బుర్ర బద్దలు కొట్టుకోవద్దు. ఒక నామవాచకం ముందు రెండు విశేషణాల కంటే ఎక్కువ వాడే అవసరం మీకు రోజుకి ఎన్నిసార్లు వస్తుంది?

కొంచెం ఆగాల్సింది 'తూచి, లోడ్ చేసి, పంపించాం' లాంటి వాక్యాల దగ్గర. 'బస్తాలు తూచి, లారీకెక్కించి, చెన్నై పంపించాం.' జరిగిన క్రమమే చెప్తున్నాం కాబట్టి తోక నుంచి తిరగేయడం ఇక్కడ పనికిరాదు. క్రియలు అదే వరుసలో ఉండాలి. సబ్జెక్టు మాత్రం చివరి క్రియ నుంచి తెచ్చి మొదట పెట్టాలి. తెలుగులో 'బస్తాలు' ఒక్కసారి చెప్తే చాలు, ఇంగ్లిష్‌లో ప్రతి క్రియ తర్వాతా దాని ఆబ్జెక్టు కనిపించాలి: 'వి వెయిడ్ ద బ్యాగ్స్, లోడెడ్ దెమ్ ఆన్ ద లారీ అండ్ సెంట్ దెమ్ టు చెన్నై.' ఆ 'దెమ్'లు మర్చిపోవడం మా దగ్గర రోజూ చూస్తాను. వాక్యం మరీ పెద్దదైతే రెండుగా విరిచేయండి. పొడుగు వాక్యం రాస్తేనే ఇంగ్లిష్ వచ్చినట్టు అని మనవాళ్ళలో ఒక భ్రమ ఉంది. మా పార్టీలు రాసే మెయిల్స్ చూస్తే మూడు లైన్లకి మించవు.

కోచింగ్ సంగతి. బ్రాడీపేటలో గానీ అరండల్‌పేటలో గానీ సెంటర్లకి కొదవ లేదు. ఏది మంచిదో పేరు పెట్టి చెప్పలేను. చేరేటట్టయితే ఫీజు కట్టే ముందు ఒక క్లాసులో కూర్చోనిస్తారేమో అడగండి. గంటసేపూ మాస్టారే బోర్డు మీద రూల్స్ రాస్తూ మాట్లాడుతున్నారంటే ఆ రూల్స్ మీకు ఇప్పటికే తెలుసు, కట్టొద్దు. మీరు రాసిన వాక్యాన్ని చూసి, ఎక్కడ తిరగబడిందో చెప్పి, మళ్ళీ మీ చేతే రాయించే మనిషి దొరికితే చేరండి. అలాంటివాళ్ళ బ్యాచ్‌లు చిన్నవిగా ఉంటాయి, ఫీజు కాస్త ఎక్కువే అడుగుతారు.