ఇంట్లో కారు చార్జింగ్: మేనల్లుడికి మావయ్య ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. ఎలక్ట్రిక్ కారు బుక్ చేశావని మీ అమ్మ చెప్పింది. మంచి పని చేశావు. కారు చేతికొచ్చేలోపు వైరింగ్ పని పూర్తి చేసుకో. కారు వాకిట్లోకి వచ్చాక హడావుడిగా బాత్రూమ్ పక్కన గీజరు ప్లగ్గులో పెట్టి "ప్రస్తుతానికి ఇలా కానిద్దాం" అనుకుంటే, అదే ఏడాదిపాటు సాగుతుంది. ఇళ్లలో సాకెట్లు కరిగిపోయేది ఇలాగే.

గీజరు పావుగంట, అరగంట లాగి ఆగిపోతుంది. కారుతో వచ్చే పోర్టబుల్ చార్జరు 10 నుంచి 13 ఆంపియర్లు ఏకబిగిన ఏడెనిమిది గంటలు లాగుతుంది. సాకెట్‌లో స్క్రూ కాస్త వదులుగా ఉండి, ఆ చోట పదో వంతు ఓమ్ రెసిస్టెన్స్ ఉందనుకో. 13 ఆంపియర్ల దగ్గర అక్కడ దాదాపు 17 వాట్ల వేడి పుడుతుంది. శనగగింజంత చోట, రాత్రంతా. ముందు ప్లాస్టిక్ గోధుమరంగు తిరుగుతుంది, తర్వాత కమురు వాసన వస్తుంది. లోపలి ఇత్తడి పట్టు వేడికి సాగి ఇంకా వదులవుతుంది, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. గోడకుండే మామూలు 16 ఆంపియర్ల సాకెట్ ఈ పనికి చాలదు. నీలం రంగు మూతతో వచ్చే ఇండస్ట్రియల్ సాకెట్ తీసుకో. నీళ్లు చొరబడని రకం, 16 ఆంపియర్లది. చార్జరు ప్లగ్గు దానికి సరిపోయేది కాకపోతే, మంచి కంపెనీ హెవీ డ్యూటీ సాకెట్‌ని మూత ఉన్న పెట్టెలో బిగించి, ఏడాదికోసారి మార్చెయ్. ఎక్స్‌టెన్షన్ బాక్సు మాత్రం ఎవరు ఏం చెప్పినా వాడకు.

ఆ సాకెట్‌కి మీటరు బోర్డు దగ్గర నుంచి విడిగా ఒక లైను లాగించు. మధ్యలో ఫ్యాను, లైటు, మోటారు, ఏదీ దాని మీద ఉండకూడదు. 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వెయ్యి. 2.5 చాలంటాడు ఎలక్ట్రీషియన్. పది మీటర్లలోపైతే పర్వాలేదు కానీ, మీ ఇంట్లో కారు నిలిపేది పెరటి షెడ్డులో. మీటరు నుంచి 30 మీటర్లుంటుంది. అంత దూరానికి 2.5 వైరులో 13 ఆంపియర్ల దగ్గర దాదాపు 6 వోల్టులు పోతాయి, 4 వైరులో మూడున్నర. పోయిన ఆ వోల్టులు గొట్టంలో వేడే, దానికీ బిల్లు కట్టాలి. షెడ్డుకి నేలలోంచి వెళ్లేటప్పుడు ఆర్మర్డ్ కేబుల్ వెయ్యి, రెండున్నర అడుగుల లోతులో, పైన ఇటుకలు పరిచి. కొబ్బరి చెట్లకు పాదులు తీసేవాళ్ల గునపానికి వట్టి ప్లాస్టిక్ గొట్టం ఆగదు. ఆ కేబుల్ పైనున్న ఇనుప తీగల కవచాన్ని రెండు కొసల్లోనూ ఎర్త్‌కి కలపాలని గుర్తుచెయ్యి, చాలామంది మర్చిపోతారు.

బోర్డులో ఈ లైనుకి 20 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్చు), సీ కర్వ్‌ది పెట్టించు. దానితోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చు. ఎంసీబీ వైరుని కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఇది 'ఏ' టైపుది కావాలి. షాపులో అడగకుండా ఇచ్చేది 'ఏసీ' టైపు. కారు చార్జరు నుంచి కొంచెం డీసీ కరెంటు లీకైతే ఏసీ టైపుది మొద్దుబారిపోయి, అసలు షాకు కొట్టినప్పుడు పడకపోవచ్చు. పెట్టె మీద గుర్తు చూడు: ఒకే అల గీత ఉంటే ఏసీ టైపు, దాని కింద అర్ధచంద్రాల్లాంటి మరో గీత కూడా ఉంటే ఏ టైపు. నెలకోసారి దాని టెస్టు బటన్ నొక్కు.

ఇప్పుడు ఎర్తింగ్ సంగతి. ఈ ఉత్తరంలో ఇంకేం మర్చిపోయినా ఇది మర్చిపోకు.

మన పాత ఇళ్లలో మూడో పిన్ను ఉంటుంది, దాని వెనక వైరు ఉంటుంది, ఆ వైరు ఎక్కడికీ వెళ్లదు. ఫ్రిజ్జు, టీవీ ఏమీ అనకుండా పనిచేస్తాయి. కారు చార్జరు మాత్రం ఎర్త్ లేదని పసిగట్టి ఎర్ర లైటు వేసి ఆగిపోతుంది. అప్పుడు కొందరు ఎలక్ట్రీషియన్లు సాకెట్ వెనక న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకి జానెడు వైరు ముక్క కలిపేస్తారు. చార్జింగ్ మొదలవుతుంది. తర్వాత ఏ గాలివానకో స్తంభం మీద న్యూట్రల్ తెగితే, ఇంట్లో ఆన్‌లో ఉన్న ఫ్యాను గుండానో బల్బు గుండానో ఫేజు తిరిగొచ్చి ఆ ముక్క మీదుగా కారు బాడీకి చేరుతుంది. తడి నేల మీద ఉత్తి కాళ్లతో నిలబడి పిల్లాడు తలుపు పట్టుకుంటే ప్రాణం పోతుంది. అలాంటి జంపర్ వేస్తానన్న మనిషిని గుమ్మంలోంచే పంపించెయ్.

కొత్త ఎర్త్ పిట్ తవ్వించు, షెడ్డు దగ్గరే. మన గోదావరి డెల్టా నేలలో తేమ ఎక్కువ, నాలుగైదు అడుగులకే నీళ్లు తగులుతాయి కాబట్టి రెసిస్టెన్స్ తేలిగ్గానే తగ్గుతుంది. ఇబ్బంది తుప్పుతో. రాజోలు నుంచి సముద్రం వైపు వెళ్లేకొద్దీ నేలలో ఉప్పు పెరుగుతుంది, పాత పద్ధతిలో జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనుప గొట్టం) వేసి చుట్టూ ఉప్పు, బొగ్గు నింపితే ఆ పైపుని కొన్నేళ్లకే తుప్పు తినేసి ఉంటుంది. పైకి కనిపించే నట్టు, క్లాంపు బాగానే ఉంటాయి, లోపల ఏమీ మిగలదు. అందుకని రాగి పూత ఉన్న 3 మీటర్ల రాడ్డు, చుట్టూ ఉప్పుకి బదులు తేమని పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి వేయించు. ఎర్త్ టెస్టర్‌తో కొలిస్తే 5 ఓమ్‌ల లోపు రావాలి. టెస్టర్ లేకపోతే మల్టీమీటరుతో ఒక పరీక్ష ఉంది: సాకెట్‌లో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య ఎంత వోల్టేజి ఉందో, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య దాదాపు అంతే ఉండాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. అసలు సున్నా వస్తే సంతోషపడకు, ఎవరో ఆ రెండూ కలిపేశారేమో సాకెట్ విప్పి చూడు. ఈ కొలతలు చార్జింగ్ జరుగుతుండగా ఇంకోసారి తీయించు. లోడు లేనప్పుడు అన్నీ బాగానే కనిపిస్తాయి.

గోడకు బిగించే 7.2 కిలోవాట్ల పెట్టె కావాలా అని అడిగావట. నా మాట వింటే ఇప్పుడు వద్దు. నువ్వు రోజుకి 30 కిలోమీటర్లు తిరుగుతావు. గోడ సాకెట్ దగ్గర లాగే కరెంటుని లెక్కేస్తే యూనిట్‌కి ఆరు కిలోమీటర్లు అనుకో, రోజుకి 5 యూనిట్లు. చిన్న చార్జరుకి అది రెండు గంటల పని. పెద్ద పెట్టె 32 ఆంపియర్లు లాగుతుంది. దానికి కనీసం 6 స్క్వేర్ ఎంఎం వైరు, మీ షెడ్డు దూరానికైతే 10, పైగా 40 ఆంపియర్ల ఎంసీబీ, లోడు పెంపు, బహుశా త్రీ ఫేజ్ కూడా. రోజూ వంద కిలోమీటర్లు తిరిగేవాడికి అది అవసరం. చిన్న చార్జరుతోనైనా లోడు పెంచుకోక తప్పదు. ఏసీ, మోటారు, కారు కలిసి నడిస్తే 5 కిలోవాట్ల దాకా పోతుంది. నీ బిల్లు మీద మంజూరైన లోడు ఎంతుందో చూసి, తక్కువైతే కరెంటు వాళ్ల సెక్షన్ ఆఫీసులో పెంచమని దరఖాస్తు పెట్టు. గృహ కనెక్షన్‌కి ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాటుకి నెలకి 10 రూపాయలే. అదే సమయంలో స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు, మీటరు కింది కటౌట్లు (ఫ్యూజులు) కూడా చూపించు. ఇరవై ఏళ్ల నాటి సన్న అల్యూమినియం వైరైతే మార్పించాల్సిందే.

వోల్టేజి కూడా కొలిచి పెట్టుకో. సాయంత్రం ఏడింటికి, రాత్రి పదకొండింటికి, తెల్లవారుజామున మూడింటికి. భీమవరం, ఉండి వైపు రొయ్యల చెరువులున్న ఊళ్లలో ఏరేటర్లు తిరిగేది రాత్రి పూటే, నీళ్లలో ఆక్సిజన్ అప్పుడే పడిపోతుంది కాబట్టి. లైను చివరి ఇళ్లలో అర్ధరాత్రి వోల్టేజి బాగుంటుందన్న నమ్మకం అక్కడ చెల్లదు. మీ ఊళ్లోనూ చెరువులు పెరిగాయి, అందుకే కొలవమంటున్నాను. 200 కంటే కిందికి పోతుంటే చార్జరులోనో కారు స్క్రీన్ మీదో కరెంటుని 8 లేదా 10 ఆంపియర్లకు తగ్గించి పెట్టు. స్టెబిలైజర్ కొనకు. అది లైను నుంచి ఇంకా ఎక్కువ కరెంటు లాగి వోల్టేజిని మరింత పడేస్తుంది. బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్ (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజి నుంచి కాపాడేది) ఒకటి పెట్టించు. అది ఉన్నా సరే, వేసవిలో ఉరుములు మొదలైతే ప్లగ్గు తీసెయ్.

ఇక డబ్బు లెక్క. కారు యూనిట్లు ఇంటి యూనిట్ల మీద వచ్చి కూర్చుంటాయి కాబట్టి, వాటికి పడేది ఎప్పుడూ నీ పై స్లాబు రేటే. మన ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటి గృహ టారిఫ్ ఇది: మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. మీ ఇంటికి నెలకి 200 యూనిట్లు కాలుతున్నాయనుకో, కరెంటు చార్జీ 867 రూపాయలు. కారుకి 150 కలిస్తే అందులో 25 యూనిట్లు ఆరు రూపాయల స్లాబులో, మిగతా 125 ఎనిమిది ముప్పావు స్లాబులో పడతాయి. పెరిగేది 1,244 రూపాయలు. అంటే కారు తినే యూనిట్ 8.30 చొప్పున. 900 కిలోమీటర్లకు భాగిస్తే కిలోమీటరుకి రూపాయి నలభై పైసలు లోపే. సుంకం, సర్దుబాటు చార్జీలు కొంచెం అదనం. అయినా పెట్రోలు కారుకి ఏడు రూపాయలవుతుంది కదా, దిగులు అక్కర్లేదు. మే నెలలో ఏసీలతో ఇల్లే 300 దాటితే అదే 150 యూనిట్లకి 1,360 పైన పడుతుంది.

విద్యుత్ వాహనాల చార్జింగ్‌కి టారిఫ్‌లో వేరే కేటగిరీ ఉంది. స్లాబులు లేవు, ఇటీవలి ఏళ్ల ఉత్తర్వుల్లో యూనిట్‌కి 6.70. సొంత కారుని ఇంటి మీటరు మీదే చార్జ్ చేసుకోవడానికి అభ్యంతరం లేదు కాబట్టి ఇది నీ ఇష్టం. నీ వాడకానికి నెలకి 240 రూపాయలే మిగులుతాయి, కొత్త సర్వీసు ఖర్చు రావడానికి ఏళ్లు పడుతుంది. ఇంట్లో రెండో కారు కూడా ఎలక్ట్రిక్‌ది వచ్చి నెలకి 300 యూనిట్లు దాటితే మిగులు 650కి చేరుతుంది, అప్పుడు రెండో మీటరు పెట్టించు. ఈలోపు కారు లైను మీద చిన్న సబ్ మీటరు ఒకటి బిగించు. కారు ఎంత తింటోందో, ఇల్లు ఎంత తింటోందో విడివిడిగా తెలియకుండా ఏ నిర్ణయమూ సరిగా తీసుకోలేవు.

సోలార్ వేయాలని ఉంటే 3 కిలోవాట్లు చాలు. కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. నెలకి 350 యూనిట్ల దాకా పండుతుంది, పైస్లాబు మొత్తం కరిగిపోతుంది. పగలు బయటికి పంపిన యూనిట్లని వాడిన యూనిట్లలోంచి తీసేసే నెట్ మీటరు ఉంటుంది కనుక రాత్రి చార్జ్ చేసినా లెక్కలోకి వస్తుంది. కానీ ముందు డాబా ఎక్కి, ఉదయం తొమ్మిదికీ మధ్యాహ్నం మూడుకీ కొబ్బరి మట్టల నీడ ఎక్కడ పడుతుందో చూడు. ఒక్క ప్యానెల్ మీద మట్ట నీడ పడినా ఆ వరసంతా నీరసిస్తుంది. కాయ రాలే దూరంలో ప్యానెల్ పెట్టనివ్వకు. స్టాండు కాళ్లు శ్లాబులో కాంక్రీటుతో దిగాలి. 1996 నవంబరు తుపాను కోనసీమలో ఎన్ని చెట్లు పడగొట్టిందో మీ నాన్నని అడిగితే ఎందుకు చెబుతున్నానో తెలుస్తుంది.

సాకెట్ ఎత్తు విషయంలో 1986 ఆగస్టు వరద నీళ్లు మీ గోడకి ఎంతవరకు వచ్చాయో అడిగి, అంతకన్నా పైన బిగించు. వీలుకాకపోతే కనీసం ఐదడుగులు. తుపాను హెచ్చరిక వస్తే ముందురోజే నూరు శాతం నింపి, ప్లగ్గు తీసి, ఎంసీబీ దించి, కారుని మెరక మీద పెట్టు. కారు వరద నీళ్లలో నిలిచిపోతే ఎండినట్టు కనిపించినా చార్జింగ్ పెట్టకు, షోరూమ్ వాళ్లు చూసేదాకా ముట్టుకోకు. మామూలు రోజుల్లో బ్యాటరీ చార్జు 20 శాతానికీ 80 శాతానికీ మధ్య ఉంచు. నీ కారు బ్యాటరీ ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకమైతే వారానికోసారి నూరు దాకా నింపాలి, కారులో చార్జు శాతం సరిగ్గా చూపడానికి.

ఉప్పు గాలికి పిన్నుల మీద పచ్చగా చిలుము పడుతుంది. రెండు నెలలకోసారి మెయిన్ ఆపి, కాంటాక్ట్ క్లీనర్‌తో తుడిపించు. పెట్టెలోకి కేబుల్ వెళ్లే కన్నం గ్లాండుతో (కేబుల్ చుట్టూ సందు మూసే బిగింపు) బిగించకపోతే బల్లులు, చీమలు దూరతాయి.

కారు వచ్చిన మొదటి రాత్రి ప్లగ్గు పెట్టి పడుకోవద్దు. గంట తర్వాత వెళ్లి ప్లగ్గు, ఎంసీబీ, మీటరు కింది కటౌటు, మూడింటినీ పైనుంచి చేతి వెనకవైపుతో తాకి చూడు. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి తీసెయ్యాలనిపించేంత వేడి ఉంటే వెంటనే ఆపి, పొద్దున ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మెయిన్ దించి ఆ జాయింటు విప్పి మళ్లీ బిగించమను. కటౌటు దగ్గరైతే లైన్‌మన్‌ని పిలువు.

ఇట్లు,
మీ మావయ్య