పై ముందు పన్ను తీసిన రోజే ఇంప్లాంట్: పెట్టించుకోవచ్చా?
ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పన్ను వేరు) అదే రోజు పెట్టేద్దామని ఒక డాక్టరు, 3 నెలలు ఆగాలని ఇంకొకరు చెప్పారని టెన్షన్ పడుతున్నారు కదండీ, తేల్చాల్సింది మీ ఎముక. ముందు పళ్ళకు పెదవి వైపు ఉండే ఎముక గోడ చాలామందిలో 1 మిల్లీమీటరు మందం కూడా ఉండదు, పన్ను తీశాక అది కరిగితే చిగురు పైకి జారి ఇంప్లాంట్ అంచు బూడిద రంగులో బయటపడుతుంది. అందుకే ముందు సీబీసీటీ స్కాన్ (ఎముకను 3డీలో చూపే ఎక్స్‌రే) తీయించండి. గోడ చెక్కుచెదరకుండా ఉండి, చీము లేకపోతే అదే రోజు పెట్టించుకోవచ్చు. అయితే ఇంప్లాంట్‌ను కాస్త అంగిలి వైపు జరిపి, ముందు మిగిలే ఖాళీలో బోన్ గ్రాఫ్ట్ (ఎముక పొడి) నింపుతారా అని తప్పకుండా అడగండి. ఇంప్లాంట్ గట్టిగా బిగుసుకుంటేనే తాత్కాలిక పన్ను, అదీ కింది పళ్ళకు తగలకుండా. ఎముక అతుక్కునేదాకా దాంతో ఏదీ కొరకొద్దు. సిగరెట్ ఉంటే దయచేసి మానేయండి. గోడ విరిగి ఉంటే మాత్రం ఆగమన్న డాక్టరు మాటే వినండి.