రీసెర్చ్ పేపర్ చదవాలంటే డాలర్లు అడుగుతోందా? ముందు లైబ్రేరియన్‌ని కలవండి

మీ సమస్య అర్థమైంది. ప్రభుత్వ కాలేజీలో పీజీ, పోచంపల్లి చేనేత మీద ప్రాజెక్టు, ఏ రీసెర్చ్ పేపర్ తెరిచినా డబ్బు కట్టమంటోంది, రీడింగ్ హాల్లో కుర్చీ దొరకడం లేదు.

ముందు డబ్బు కట్టడం ఆపండి. 2025 జనవరి 1 నుంచి కేంద్రం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' నడుపుతోంది. 30 ప్రచురణ సంస్థల జర్నల్స్, దాదాపు 13 వేలు, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల కోసం కొన్నారు. మీ కాలేజీ నమోదైందో లేదో లైబ్రేరియన్ గారిని అడగండి. ఇంటి నుంచి చూసే లాగిన్ సంగతి కూడా అప్పుడే అడిగేయండి, మళ్లీ మళ్లీ తిరగకుండా.

ఈలోగా శోధ్‌గంగ వెబ్‌సైట్ చూడండి. మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ థీసిస్‌లు ఉచితంగా, అధ్యాయాల వారీగా పీడీఎఫ్‌లుగా ఉంటాయి. నేనైతే మొదట చివరి ఫైలే తెరుస్తాను, గ్రంథసూచి కోసం. ఎవరో ఏళ్ల తరబడి పోగేసిన జాబితా చేతికొచ్చినట్టే. (పేరాలు ఎత్తేయకండి, గైడ్ ఇట్టే పట్టేస్తారు.)

పుస్తకం మీ దగ్గర లేకపోతే, కాలేజీకి డెల్‌నెట్ (లైబ్రరీలను కలిపే నెట్‌వర్క్) సభ్యత్వం ఉంటే వేరే లైబ్రరీ నుంచి తెప్పించమనొచ్చు.

కుర్చీ గోల మా కాలేజీలోనూ ఉండేది. పొద్దున్న ఎనిమిదింటికే గ్రూప్స్ వాళ్ల నీళ్ల సీసాలు, తువ్వాళ్లు వరసగా కూర్చునేవి. నేను రిఫరెన్స్ సెక్షన్ వెనక, బైండు చేసిన పాత పత్రికల బీరువా పక్కన ఓ చిన్న బల్ల చూసుకున్నాను. ఫ్యాన్ కిర్రుకిర్రుమనేది గానీ, అటు ఎవరూ వచ్చేవారు కాదు.